వైరస్ సూక్ష్మజీవి కాదా? అసలు సూక్ష్మజీవి అంటే ఏది?

చిక్కడపల్లి_చదువరి (చర్చ మొదలుపెట్టినవారు), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. అశోక్‌నగర్‌ల రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న. మొన్న ఒక టెస్ట్ సిరీస్‌ల ఈ ప్రశ్న వచ్చింది: "కింది వాటిలో సూక్ష్మజీవి కానిది ఏది?" ఆప్షన్లు ఈస్ట్, అమీబా, వైరస్, స్పైరోగైరా. కీలో వైరస్ అని ఇచ్చిండ్రు. మా రూమ్మేటు స్పైరోగైరా పెట్టిండు, అది కుంటల పచ్చగ కంటికి కనపడుతది కదా అంటడు. నా దగ్గరున్న ఇంకో పుస్తకంల సూక్ష్మజీవులు ఐదు రకాలని, అందుల వైరస్ ఒకటని ఉన్నది. లైబ్రరీ బయట చాయ్ తాగుకుంట దీని మీదనే చాన సేపు వాదించుకున్నం.

మార్కు సంగతి పక్కన పెట్టుండ్రి. సూక్ష్మజీవి అంటే కంటికి కనపడనిదా? ఒక్కటే కణం ఉన్నదా? రోగం తెచ్చేదా? ఏ లెక్కన కొన్నిటిని ఇటు, కొన్నిటిని అటు పెడుతరు? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

ఇద్దరు_పిల్లల_అమ్మ, రాత్రి 9:30

నాకు తెలిసినంతవరకు కంటికి కనపడకుండా లోపలికి వెళ్లి జబ్బు చేసేవే సూక్ష్మజీవులు. వానాకాలం మొదలైతే చాలు, మా కాలనీలో ఒకరికి టైఫాయిడ్, ఒకరికి డెంగీ, ఇంకొకరికి విరేచనాలు. చిన్నదానికి రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చే దాకా వచ్చింది. ఎన్ని రకాలైతేనేం, దూరంగా ఉంచాల్సినవే కదండీ. వైరస్‌ను మాత్రం లెక్కలోంచి ఎందుకు తీసేస్తారు?

సూక్ష్మదర్శిని, రాత్రి 10:05

డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను. చదువరి గారూ, మీ మూడు ప్రశ్నలకీ విడివిడిగా జవాబు చెప్పుకుంటే తప్ప చిక్కు వీడదు.

కంటికి కనపడకపోవడం దగ్గర మొదలుపెడదాం. మన కన్ను దాదాపు 0.1 మిల్లీమీటరు వరకే విడదీసి చూడగలదు. అంతకంటే చిన్న ప్రాణులన్నిటినీ ఒకే గాటన కట్టి ఆ పేరు పెట్టాం. అది మన కంటి హద్దు, అంతే. ఆ హద్దుకు అటూ ఇటూ ఉన్నవాటి మధ్య చుట్టరికం ఉండాలన్న నియమం ఏమీ లేదు. అమీబా ప్రోటియస్ అర మిల్లీమీటరు దాకా పెరుగుతుంది, చూపు బాగున్నవాళ్లకి తెల్లటి చుక్కలా కనిపిస్తుంది కూడా. కరీబియన్ దీవి గ్వాడెలూప్ మడ అడవుల్లో దొరికి, 2022లో ప్రకటించిన థయోమార్గరీటా మాగ్నిఫికా అనే బ్యాక్టీరియా ఒక్కటే కణం, పొడవు మాత్రం దాదాపు సెంటీమీటరు. కొన్ని 2 సెంటీమీటర్లు కూడా ఉన్నాయి. తడి ఆకు మీద తెల్లటి దారప్పోగుల్లా కంటికే కనిపిస్తాయి. బ్యాక్టీరియా అయినంత మాత్రాన సూక్ష్మంగా ఉండి తీరాలని లేదన్నమాట. అటువైపు టార్డిగ్రేడ్ చూడండి. ఎనిమిది కాళ్లు, నోరు, పేగు, నరాలు అన్నీ ఉన్న జంతువు, అయినా చాలావాటిని మైక్రోస్కోపు లేకుండా సరిగా చూడలేం.

ఒక్కటే కణం అన్న నియమం కూడా నిలవదు. స్పైరోగైరా పోగులో కణాలు వరసగా ఉంటాయి. రొట్టె మీద పట్టే బూజులో తీగల్లాంటి పోగులు అల్లుకుని ఉంటాయి. ఇక రోగం తెచ్చేవి మొత్తం సూక్ష్మజీవుల్లో చాలా తక్కువ భాగం.

నేను విద్యార్థులకు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. ఈస్ట్‌కూ మనకూ ఉన్న చుట్టరికం, ఈస్ట్‌కూ బ్యాక్టీరియాకూ ఉన్న చుట్టరికం కంటే చాలా దగ్గరిది. ఈస్ట్ కణంలో మనకున్నట్టే పొర చుట్టుకున్న కేంద్రకం ఉంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఉంది. 2015లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు ఈస్ట్ బతకడానికి అత్యవసరమైన 414 జన్యువులను ఒక్కొక్కటిగా తీసి, వాటి చోట మనిషి జన్యువును పెట్టి చూశారు. దాదాపు సగం సందర్భాల్లో ఈస్ట్ హాయిగా బతికింది. వంద కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన దాయాదుల పనిముట్లు ఇప్పటికీ ఒకరివి ఒకరికి పనికొస్తున్నాయి. అదే బ్యాక్టీరియాతో మన బంధం ఇంకా ఎంతో లోతుకు పోతే గానీ కలవదు.

1977 వరకు కేంద్రకం లేని కణాలన్నీ బ్యాక్టీరియాలే అనుకున్నాం. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ కలిసి, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల్లోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి, వాటిలో ఆర్కియా అనే వేరే వంశం దాగి ఉందని తేల్చారు. మైక్రోస్కోపు కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. చూపును బట్టి బంధుత్వం చెప్పడం ఎంత కష్టమో చూడండి.

వైరస్ సంగతి రేపు రాస్తాను.

సైనిక్‌పురి_శ్రీను, రాత్రి 10:41

వైరస్ సంగతి నేనందుకుంటాను. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, జబ్బు చేసిన పొగాకు మొక్కల రసాన్ని బ్యాక్టీరియాను ఆపే పింగాణీ వడపోతలోంచి పంపినా ఆ రసం జబ్బు తెచ్చింది. 1898లో డచ్చి శాస్త్రవేత్త బైయెరింక్ ఇది బ్యాక్టీరియా తరహా వ్యవహారం కాదని, బతికున్న కణాల్లోనే పెరుగుతోందని తేల్చారు. 1935లో వెండెల్ స్టాన్లీ ఆ వైరస్‌ను స్ఫటికాలుగా మార్చాడు. ఆ స్ఫటికాలను మళ్లీ ఆకుకు రాస్తే మళ్లీ జబ్బు. ఉప్పులా స్ఫటికం కట్టి సీసాలో కూర్చునేదాన్ని జీవి అని ఎలా అంటాం? తిండి తినదు, శక్తి పుట్టించుకోదు, తనంతట తాను విభజన చెందదు. నా ఓటు కీకే.

ల్యాబ్_తమ్ముడు, రాత్రి 11:20

డయాగ్నొస్టిక్ ల్యాబులో నైట్ డ్యూటీలో ఉన్నాను, కాసేపు ఖాళీ దొరికింది. మా బెంచి మీద ఈ తేడాలు ఎలా తెలుస్తాయో చెబుతా.

నమూనాను గాజు పలక మీద పల్చగా రాసి, ఆరాక మంట మీదుగా రెండుమూడు సార్లు ఆడిస్తాం. తర్వాత క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం. ఆల్కహాలు మాత్రం కొన్ని సెకన్లే, అక్కడ చెయ్యి ఆలస్యమైతే స్లైడు పాడైనట్టే. చివరగా శాఫ్రనిన్. 1884లో హాన్స్ గ్రామ్ చెప్పిన పద్ధతి, ఇప్పటికీ రోజూ ఇదే. ఒక చుక్క నూనె వేసి వంద రెట్ల లెన్సు దించితే స్టాఫిలోకాకస్ ఊదారంగులో ద్రాక్ష గుత్తుల మాదిరి కనిపిస్తుంది. ఈ.కోలై అనే బ్యాక్టీరియా గులాబీ రంగు పుల్లల్లా ఉంటుంది. గోడ మందంగా ఉన్నవి ఊదారంగును పట్టుకుంటాయి, పల్చటి గోడ ఉన్నవి వదిలేస్తాయి. అదే స్లైడులో క్యాండిడా అనే ఈస్ట్ ఉంటే వెంటనే తెలిసిపోతుంది. వాటికంటే నాలుగైదు రెట్లు పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో, పక్కన చిన్న మొగ్గ పెట్టుకుని ఉంటుంది.

వైరస్ మాత్రం ఆ లెన్సులో ఎంత వెతికినా దొరకదు. ఈ.కోలై పొడవు 2 మైక్రోమీటర్లయితే కరోనా వైరస్ 0.1 మైక్రోమీటరు. వెలుతురుతో పనిచేసే మామూలు మైక్రోస్కోపు అంత చిన్నదాన్ని విడదీసి చూపించలేదు. అందుకే వైరస్‌కు పీసీఆర్ చేస్తాం, యాంటీజెన్ చూస్తాం.

@ఇద్దరు_పిల్లల_అమ్మ అక్కా, ఈ తేడా మీకూ అవసరమే. యాంటీబయాటిక్ అనేది బ్యాక్టీరియా గోడ మీదో, దాని రైబోజోము మీదో దెబ్బ కొడుతుంది. వైరస్‌కు ఆ గోడా లేదు, రైబోజోమూ లేదు. జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చెయ్యదు. పేగుల్లో మనకు పనికొచ్చే బ్యాక్టీరియానే చంపుతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ, రాత్రి 11:34

ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. ఐతే పేగుల్లో ఉన్నవి ఎన్ని ఉంటాయి? అవి అక్కడ ఉండటం మంచిదేనా?

ల్యాబ్_తమ్ముడు, రాత్రి 11:50

2016లో వేసిన లెక్క ప్రకారం సగటు మనిషి ఒంట్లో బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు, మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియా అంతా కలిపి తూస్తే 200 గ్రాములుంటుంది. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనం అరిగించుకోలేని పీచును అవి తిని, పేగు గోడ కణాలకు ఆహారమయ్యే ఆమ్లాలు తయారుచేస్తాయి. కె విటమిన్ కొంత వాటి చలవే. రోగం తెచ్చే కొత్తవాటికి చోటు దొరక్కుండా కూడా కాపలా కాస్తాయి.

యాదగిరి_పిండి, ఆదివారం పొద్దున 5:48

కూకట్‌పల్లిల ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి అమ్ముతం. మీ ముచ్చట్ల నాది గూడ ఒకటి కలుపుకోండి. నేను పిండిల బయటి నుంచి ఏం పులుపు కలపను. మినపప్పు, బియ్యపు రవ్వ, నీళ్లు, ఉప్పు. రాత్రి చేత్తోటి కలిపి పెడితే పొద్దుగాల్ల డబ్బా అంచు దాక పొంగుతది. ఎండకాలం అయితే నాలుగైదు గంటల్లనే పొంగి పొర్లుతది, చల్లనీళ్లతోటి రుబ్బాలె. చలికాలం డిసెంబర్‌ల అయితే పొద్దుగాల చూస్తె ఎక్కడిదక్కడనే ఉంటది, గోనెసంచి కప్పి గ్రైండర్ పక్కన వెచ్చగ పెడితే గప్పుడు లేస్తది. పాలకు తోడు ఎయ్యాలె గని పిండికి ఎందుకు అక్కర్లేదు? గా పురుగులు యాడికెళ్లి వస్తున్నయ్?

సూక్ష్మదర్శిని, ఆదివారం ఉదయం 8:15

యాదగిరి గారూ, అవి మీ మినపప్పుతోనే వస్తాయి. గింజ మీద పొలంలో ఉన్నప్పటి నుంచే బ్యాక్టీరియా ఉంటుంది. నానబెట్టి రుబ్బి వెచ్చగా ఉంచితే వాటిలో ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అన్నిటికంటే ముందు విజృంభిస్తుంది. చక్కెరను తిని పులుపు ఇచ్చే ఆమ్లం, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పిండిని పొంగించేది ఆ గాలే. బియ్యం ఒక్కటే రుబ్బి పెడితే పులుస్తుంది గానీ ఇంతలా పొంగదు. మినప్పప్పులోని జిగురు, మాంసకృత్తులు ఆ బుడగలను పట్టి ఉంచుతాయి. పులుపు పెరిగేకొద్దీ ల్యూకోనోస్టాక్ వెనక్కి తగ్గి, ఇంకా పులుపును తట్టుకునే జాతులు పైచేయి సాధిస్తాయి. మీ డబ్బాలో ఒక్క రాత్రిలోనే తరాలు మారి, రాజ్యాలు మారిపోతాయి.

పాలను మనం కాస్తాం కాబట్టి వాటిలో ఉన్నవి చాలావరకు చచ్చిపోతాయి. అందుకే తోడు కావాలి. తోడులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పాలలోని చక్కెరను తిని పులుపు పెంచుతుంది. పీహెచ్ 6.6 నుంచి 4.6 దగ్గరికి దిగేసరికి కేసిన్ అనే ప్రోటీను ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడుతుంది. పెరుగు గట్టిపడటమంటే ఆ మలుపే.

గౌడన్న_బిడ్డ, ఉదయం 9:02

మరి కల్లు సంగతో? మా నాయిన ఈత చెట్లు గీసేవాడు. పొద్దుగాల లొట్టి దించిన వెంటనే తియ్యగ ఉంటది, మధ్యాహ్నానికి నురుగొచ్చి కాస్త ఘాటు, సాయంత్రానికి పులుపు. నీరా కావాలంటే మాత్రం లొట్టికి లోపల సున్నం రాసి కట్టేది. లొట్టిని కడిగి ఎండబెట్టినా రెండో రోజు కల్లు నురుగు రాకుండ ఉండదు.

సూక్ష్మదర్శిని, ఉదయం 9:40

మీ నాన్నగారి చేతి పనిలో మంచి రసాయన శాస్త్రం ఉందమ్మా. ఈత నీరులో చక్కెర పదో వంతు దాకా ఉంటుంది. దాని మీద ఈస్ట్‌తో పాటు జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా కూడా పడి ఆల్కహాలు తయారుచేస్తుంది. ఇవి రెండూ వేర్వేరు వంశాలు, చక్కెరను విరగ్గొట్టే దారులు కూడా వేరు, చివరికి చేరేది మాత్రం ఒకే చోటికి. తర్వాత లాక్టిక్, అసిటిక్ ఆమ్లాలు చేసేవి వచ్చి పులుపు చేస్తాయి. సున్నం క్షారం కాబట్టి వీటిలో చాలావాటిని పెరగనివ్వదు, నీరా తియ్యగా నిలుస్తుంది. మట్టి లొట్టి లోపలి రంధ్రాల్లో నిన్నటి ఈస్ట్ దాక్కుంటుంది, అదే మీ లొట్టికి తోడు.

నిర్వాహకులు, ఉదయం 9:55

కల్లు ధరలు, దుకాణాల గురించిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. మిగతా చర్చ కొనసాగించండి.

నల్లకుంట_వాసి, ఉదయం 10:20

సూక్ష్మజీవి అనగానే మన ఊరికి ఉన్న చోటు గురించి చెప్పకుండా ఉండలేను. మా ఇంటి దగ్గర ఫీవర్ ఆసుపత్రిని పెద్దవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. దాని అసలు పేరు రొనాల్డ్ రాస్ మీద ఉంది. రాస్ మలేరియా రహస్యం కనిపెట్టింది బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. అంతకు 17 ఏళ్ల ముందే, 1880లో అల్జీరియాలో లావెరాన్ రోగి రక్తంలో మలేరియా తెచ్చే జీవిని చూశాడు. అది ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమలను కోసి, వాటి పొట్ట గోడను మైక్రోస్కోపు కింద అంగుళం అంగుళం గాలించాడు. రెక్కల మీద మచ్చలున్న దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటి లోపల నల్లటి రేణువులు కనపడ్డాయి. రోగి రక్తంలో చూసిన నల్లటి రేణువులూ అవే. మన ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌ను తిన్నాక అది మిగిల్చిన వ్యర్థమది. ఆ ఒక్క గుర్తుతో రక్తానికీ దోమకూ లంకె దొరికింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. బేగంపేట ఎయిర్‌పోర్టు పక్క నుంచి వెళ్తూ ఆ పాత భవనం ఏమిటో తెలియనివాళ్లే ఎక్కువ, అది నాకు నిజంగా బాధ.

ఇంతకీ మేడమ్, మలేరియాది బ్యాక్టీరియానా? మా బంధువు దూరప్రాంతానికి వెళ్తూ మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకున్నాడు, అది యాంటీబయాటిక్ కదా.

సూక్ష్మదర్శిని, ఉదయం 11:30

చాలా మంచి ప్రశ్న. ప్లాస్మోడియం బ్యాక్టీరియా కాదు. కేంద్రకం ఉన్న ఏకకణ జీవి, ప్రోటోజోవా అనేవాళ్లం. మరి యాంటీబయాటిక్ దాని మీద ఎలా పనిచేస్తుంది? ప్లాస్మోడియం కణంలో ఎపికోప్లాస్ట్ అనే చిన్న అవయవం ఉంది. చాలా పూర్వం దాని పూర్వీకులు ఒక ఎర్ర శైవలాన్ని మింగి అరిగించుకోకుండా దాచుకున్నారు. ఆ శైవలం పూర్వీకులు అంతకు ముందే సూర్యరశ్మితో ఆహారం చేసుకునే సయనోబ్యాక్టీరియాను మింగి దాచుకున్నారు. అలా మిగిలిన ఎపికోప్లాస్ట్‌కు ఇప్పుడు సూర్యరశ్మితో పనిలేదు గానీ, అది లేకుండా ప్లాస్మోడియం బతకలేదు. దాని లోపలి రైబోజోములు ఇప్పటికీ బ్యాక్టీరియా తరహావే. డాక్సీసైక్లిన్ పోయి తగిలేది అక్కడే. మన కణాల్లోని మైటోకాండ్రియా కూడా ఇలాగే లోపలికి వచ్చి ఉండిపోయిన బ్యాక్టీరియానే. 1967లో లిన్ మార్గులిస్ ఈ మాట గట్టిగా చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు, తర్వాత జన్యువులే సాక్ష్యం చెప్పాయి.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. 1948లో వాడుకలోకి తెచ్చిన లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. బెంజమిన్ డగ్గర్ దాన్ని అమెరికాలోని మిస్సోరి మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీశారు. సుబ్బారావు గారి పేరిట ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు కూడా పెట్టారు. పేరు ఒక సూక్ష్మజీవికి పెట్టించుకున్న తెలుగువాడని మా క్లాసులో చెబితే పిల్లల కళ్లు మెరిసేవి.

అన్నట్టు తొలకరి పడగానే వచ్చే మట్టివాసన కూడా స్ట్రెప్టోమైసిస్ పుణ్యమే. జియోస్మిన్ అనే పదార్థాన్ని అవి తయారుచేస్తాయి.

మట్టిమనిషి, ఉదయం 11:52

ఆ వాసన వెనక బ్యాక్టీరియా ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. చాలా సంతోషంగా ఉంది.

చిక్కడపల్లి_చదువరి, మధ్యాహ్నం 12:30

మేడమ్, అన్న, అక్క అందరికీ శనార్థులు. ఒక్క ముచ్చట మాత్రం ఇంకా తేలలె. చుట్టరికం లేదు, సైజు నికరంగ లేదు, పని ఒకటి కాదు. గట్లైతే అసలు ఈ పేరు ఎందుకు పెట్టుకోవాలె? ఒక సబ్జెక్టుగ ఎందుకు చదువుతున్నం?

సూక్ష్మదర్శిని, మధ్యాహ్నం 2:10

నా దృష్టిలో జవాబు ఇది. వంశాలు వేరైనా, చిన్నగా ఉండటం వల్ల వాటన్నిటి బతుకు తీరూ ఒకేలా మలుచుకుంది. చిన్నతనం అంటే కేవలం కొలత కాదు, అది వేరే లోకం.

ఈ.కోలైను చూడండి. సెకనుకు 20, 30 మైక్రోమీటర్లు ఈదుతుంది, అంటే తన ఒంటి పొడవుకు పదింతలు. దాని తోకల మొదట్లో నిజంగా గిరగిర తిరిగే మోటారు ఉంది, సెకనుకు వంద చుట్లు తిరుగుతుంది. ఇంత చేసినా, తోక ఆగిన మరుక్షణం అది అక్కడికక్కడే ఆగిపోతుంది. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో లెక్కగట్టి చూపించాడు. ఊపు మీద అది జారే దూరం ఒక పరమాణువు అడ్డుకొలత కంటే తక్కువ. అంత చిన్న ఒంటికి నీళ్లు నీళ్లలా ఉండవు, ముదురు బెల్లం పాకంలో మనం ఈదినట్టుంటుంది. దాని లోకంలో ఊపు లెక్కలోకి రాదు, జిగట ఒక్కటే లెక్క.

అంత చిన్న దేహానికి గుండె, ఊపిరితిత్తులు అక్కర్లేదు. లోపల ఒక చిన్న అణువు ఆ చివరి నుంచి ఈ చివరికి తనంతట తానే సెకనులో కొన్ని వెయ్యో వంతుల్లో చేరుకుంటుంది. అదే సెంటీమీటరు దూరమైతే అణువు పాకడానికి గంటలు, రోజులు పడుతుంది, అందుకే పెద్ద జీవులకు రక్తనాళాలు కావలసి వచ్చాయి. ఘనపరిమాణంతో పోలిస్తే ఒంటి మీద చోటు చాలా ఎక్కువ కాబట్టి తిండి వేగంగా లోపలికి వస్తుంది, పెరుగుదలా వేగమే. అనుకూలంగా ఉంటే ఈ.కోలై 20 నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. ఆపేది ఏదీ లేకపోతే ఒక్క కణం పది గంటల్లో వంద కోట్లు దాటాలి. తిండి అయిపోవడం వల్లే ఆగుతుంది.

ఆ ప్రాణికి మెదడు లేదు. అయినా ముందుకు ఈదుతూ, కొన్ని సెకన్ల కిందట చుట్టూ చక్కెర ఎంత ఉందో ఇప్పుడు ఎంత ఉందో పోల్చుకుంటుంది. పెరుగుతుంటే అదే దారిలో ఇంకాసేపు పోతుంది, తగ్గుతుంటే దొర్లి ఇంకో దిక్కుకు తిరుగుతుంది. కాబట్టి దానికి జ్ఞాపకం ఉంది. చిన్నదే, సెకన్ల పాటే, కానీ ఉంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఒళ్లు పులకరించడం మానలేదు.

సైనిక్‌పురి_శ్రీను, మధ్యాహ్నం 2:45

మేడమ్, ఇంత చెప్పాక వైరస్‌ను మీరు ఎటు పెడతారు? మీ లెక్కలో ఈదదు, తినదు, పెరగదు.

సూక్ష్మదర్శిని, మధ్యాహ్నం 3:20

మీరు చెప్పింది సీసాలో ఉన్న వైరస్ గురించి శ్రీను గారూ. ఆ రేణువు విత్తనం లాంటి దశ. కణంలోకి దూరాక అదే కణం మొత్తాన్ని తన కార్ఖానాగా మార్చుకుంటుంది, నకళ్లు తీసుకుంటుంది, నకళ్లలో మార్పులు వస్తాయి, నెగ్గినవి మిగులుతాయి. పరిణామం చెందేదాన్ని పూర్తిగా జడపదార్థమనడం నాకు మనసొప్పదు. పైగా 2003లో మిమీవైరస్ అని ఒకటి బయటపడింది. ఇంగ్లండులో ఒక కూలింగ్ టవర్ నీళ్లలో, అమీబా లోపల దొరికింది. గ్రామ్ రంగు పట్టింది, మామూలు మైక్రోస్కోపులో కనిపించింది. అందుకే చూసినవాళ్లు ఏళ్ల తరబడి బ్యాక్టీరియా అనే అనుకున్నారు. దాని జన్యు లిపి 12 లక్షల అక్షరాలు, కొన్ని బ్యాక్టీరియాల కంటే ఎక్కువ.

పరీక్ష వరకు చెప్పాలంటే, ఎనిమిదో తరగతి పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో సూక్ష్మజీవుల నాలుగు గుంపులు చెప్పి, వైరస్‌లూ సూక్ష్మంగానే ఉంటాయి గానీ ఇతర జీవి కణాల్లోనే పెరుగుతాయి కాబట్టి వేరు అని రాశారు. మీ కీ ఆ వాక్యం మీద నిలబడింది. ఐదు రకాలన్న పుస్తకం, మైక్రోబయాలజీలో చదివేవన్నీ కలిపి చెబుతోంది. కణం ఉంటేనే జీవి అని షరతు పెట్టుకుంటే వైరస్ బయట. పరిణామం చెందేదేదైనా జీవమే అంటే లోపల. ప్రశ్న వేసినవాళ్లు ఆ షరతు రాసి ఉండాల్సింది.

సైనిక్‌పురి_శ్రీను, మధ్యాహ్నం 3:31

మిమీవైరస్ సంగతి వింటే ఆలోచనలో పడ్డాను. అయినా రైబోజోము లేనిదాన్ని జీవి అనను.

ఈసీఐఎల్_రాజు, సాయంత్రం 5:05

ఇంకోటి. మా ఈసీఐఎల్ పక్కన ఉన్న బెలూన్ కేంద్రం నుంచి 2005 ఏప్రిల్ 20న ఇస్రో ఒక బెలూన్ పంపింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని స్టీలు సిలిండర్లలో నింపి దింపారు. దాన్ని హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో, పుణెలో పరీక్షిస్తే 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర కాలనీలు పెరిగాయి. మూడు కొత్త జాతులు. ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభట్ట పేరు, మరోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టి 2009లో ప్రకటించారు. అతినీలలోహిత కిరణాలను మామూలు వాటికంటే ఎక్కువ తట్టుకున్నాయి. అవి అంతరిక్షం నుంచి వచ్చాయని దీంతో రుజువు కాలేదని ఇస్రోనే చెప్పింది. నేలకు అంత ఎత్తున, ఆ చలిలో, ఆ ఎండలో ప్రాణం నిలిచి ఉండటమే నాకు గొప్పగా తోచింది.

మట్టిమనిషి, సాయంత్రం 5:40

కడప జిల్లా వేంపల్లె దగ్గర సున్నపురాతి పొరల్లో స్ట్రోమటోలైట్లు చూశాను. సముద్రపు అడుగున సయనోబ్యాక్టీరియా జిగురు పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని రాయిగా మారిన గుర్తులవి. రాయిని అడ్డంగా కోస్తే వంపులు తిరిగిన గీతలు, వేలితో తడిమితే తెలుస్తాయి. సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. చెట్టూ చేమా, చేపా పక్షీ ఏదీ లేని కాలం. మనం పీల్చే ఆక్సిజన్‌ను గాలిలో మొదట నింపింది ఆ వంశమే. హుస్సేన్‌సాగర్ ఎండాకాలం ఆకుపచ్చ పెయింటు పోసినట్టు అవుతుంది చూడండి, ఆ మైక్రోసిస్టిస్ కూడా అదే వంశం. మనం మురుగు వదిలి దానికి తిండి పెడుతున్నాం, అది కాలేయానికి హాని చేసే విషం వదులుతోంది.

ల్యాబ్_తమ్ముడు, సాయంత్రం 6:15

మురుగు మాట వచ్చింది కాబట్టి నా బెంగ చెప్పేస్తా. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో మందును తట్టుకునే బ్యాక్టీరియానే మిగులుతుంది. మిగిలింది తన జన్యువును పిల్లలకే ఇచ్చి ఊరుకోదు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా గొట్టం వేసి అందిస్తుంది. మేడమ్ చెప్పిన వేగం, చిన్నతనం ఇక్కడ మన మీదికే తిరుగుతున్నాయి. బ్యాక్టీరియాను పెంచే కల్చర్ ప్లేటు మీద, మందు పనిచేస్తే బిళ్లల చుట్టూ ఖాళీ వలయాలు ఏర్పడాలి. ఇప్పుడు కొన్ని ప్లేట్ల మీద బిళ్ల అంచు దాకా బ్యాక్టీరియా పెరిగే ఉంటుంది. ఆ రిపోర్టు మీద వరసగా 'ఆర్', అంటే ఈ మందు పనిచెయ్యదు అని టైపు చేస్తుంటే చెయ్యి వణుకుతుంది. ఎదురుగా ఆ పేషెంటు తాలూకు మనిషి కూర్చుని ఉంటాడు.

దయచేసి కోర్సు మధ్యలో ఆపకండి, మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వకండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ, సాయంత్రం 6:50

ఇంట్లో మిగిలిన మాత్రల డబ్బా ఇప్పుడే తీసి పక్కన పెట్టాను. తమ్ముడూ, వీటిని పిల్లలకు చూపించడం కుదురుతుందా? మైక్రోస్కోపు కొనాలంటే ఎలా?

ల్యాబ్_తమ్ముడు, రాత్రి 7:25

కుదురుతుంది అక్కా. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ గారి బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అని కాగితం మైక్రోస్కోపు ఉంది, మడిచి చేసుకోవడమే, 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. బ్యాక్టీరియా దానిలో అంత స్పష్టంగా తెలియదు గానీ చెరువు నీళ్లలోని పారమీసియం, రోటిఫర్లు, పచ్చటి శైవలాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. గాజు పలకలు, కవర్ స్లిప్పులు కోఠీలో ల్యాబు సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి.

చెరువు అంచున నాచు ఉన్నచోట నీళ్లు చిన్న సీసాలో తీసుకోండి. దానిలో రెండు ఉడికిన మెతుకులు వేసి, మూత వదులుగా పెట్టి, ఎండ తగలని చోట నాలుగైదు రోజులు ఉంచండి. పైన పల్చటి పొర కడుతుంది, ఆ పొర కింది నుంచి ఒక్క చుక్క చాలు. పారమీసియాలు చాలా వేగంగా పరుగెడతాయి, చూపుకు అందవు. చుక్కలో నాలుగు దూదిపోగులు వేస్తే వాటి మధ్య చిక్కుకుని నెమ్మదిస్తాయి. వెలుతురు మరీ ఎక్కువైతే ఏమీ కనపడదు, కాస్త తగ్గిస్తేనే వాటి అంచులు తేలతాయి. సీసా మూత తీసేది మీరే, పిల్లలు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి.

చిక్కడపల్లి_చదువరి, రాత్రి 7:40

అన్న, వచ్చే ఆదివారం నేను గూడ సీసా పట్టుకుని వస్త. ఏ చెరువు మంచిది?

ల్యాబ్_తమ్ముడు, రాత్రి 7:52

ఎక్కడైనా పర్లేదు తమ్మీ, రసాయనాల వాసన లేకుండా, నాచు ఉంటే చాలు. సఫిల్‌గూడ చెరువు కట్ట దగ్గర పొద్దున ఏడింటికి ఉంటా. ల్యాబు పాత మైక్రోస్కోపు ఒకటి నా దగ్గర ఉంది, తెస్తాను.